తాళం వేసిన గదిలో మామిడి వాసన

నాకు అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. అతిగా చెప్పడం లేదు. వేప్పనపల్లి దగ్గర మామిడితోట ఉన్న ఇంట్లో పుట్టినవాళ్ళను ఎవరినైనా అడగండి. పూత కనపడిన రోజు నుంచి ఆఖరి లారీ కదిలే దాకా మేము ఎవరినీ నమ్మం. చిలకను నమ్మం, కోతిని నమ్మం, కాయలు తూకం వేసేవాణ్ణి నమ్మం, గట్టు పక్క తోట చిన్నాయన్నయితే అసలే నమ్మం. మా నాయన పొద్దున్నే తోటలోకి పోయి, చెట్ల కింద మట్టిలో అడుగుల గుర్తులు చూసుకున్నాకే కాఫీ తాగేవాడు.

మా అవ్వ ఆయనకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. మొదటి కోత కాయలు అమ్మే అలవాటు మా ఇంట్లో లేదు. మొదట దించిన సేందూరా రకం కాయలు ఇంటికే వస్తాయి. వాటిని వెనక గదిలో వరిగడ్డి మీద పరిచి, తంగేడు ఆకు కప్పి, పైన మళ్ళీ గడ్డి వేసి మాగేస్తాం. ఆ పండ్లను పంచిపెట్టాలే తప్ప అమ్మకూడదు. ఆడబిడ్డలకు, అయినవాళ్ళకు, మనకు ఏదైనా మేలు చేసినవాళ్ళకు ఇవ్వాలి. అంతవరకు ఆ గదికి తాళం. ఆ తాళం కూడా చాలక, అవ్వ గడ్డి మీద ఒక తంగేడు కొమ్మ పెట్టి, దాని మొన సరిగ్గా తలుపు వైపు ఉండేలా తిప్పి వచ్చేది. ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మరుసటి రోజు మొన పక్కకు తిరిగి ఉందంటే, ఇంట్లో ఎవరో చెయ్యి పెట్టారన్నమాట. ఆ పూట ఎవరికీ ముద్ద దిగేది కాదు, అవ్వ దిగనిచ్చేది కాదు.

తొంభైలలో కృష్ణగిరిలో బోటనీ డిగ్రీ చదివాను. కణం గురించి పాఠం చెబుతూ మా లెక్చరర్ ఒకరోజు, బయటి నుంచి వచ్చిన ప్రతి కబురునూ కణం నమ్మేయదనీ, దాన్ని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చుకుంటూ, ప్రతి చేతి దగ్గరా సరి చూసుకుంటూ లోపలికి తీసుకుపోతుందనీ అన్నాడు. నాకు మహా సంబరమైంది. కంటికి కనపడని కణం కూడా మా అవ్వ లాంటిదే అనుకున్నాను. పరీక్షలో ఆ ఒక్క ప్రశ్నకే రెండు అదనపు కాగితాలు అడిగి రాశాను.

ఆ డిగ్రీ పట్టుకుని హోసూరు పోయాను. అప్పటికి హోసూరు చుట్టూ ప్లాస్టిక్ కప్పుల కింద గులాబీలు పెంచే తోటలు చాలా వచ్చాయి. ఆ ఊరి చలి గులాబీకి బాగా పడుతుంది. తళి రోడ్డులో ఒక తోటలో, పూలు కోశాక ఏరి, కట్టలు కట్టి, పెట్టెల్లో పెట్టే షెడ్డుకు నన్ను సూపర్‌వైజరుగా వేశారు. నలభై మంది ఆడవాళ్ళు. అందరికంటే చిన్నదాన్ని నేనే, అందరి మీదా పెత్తనం నాదే. చూడండి ఇక.

నేను చేరిన మొదటి నెలలో రెండు కత్తెరలు కనపడకుండా పోయాయి. వెంటనే సంచుల సోదా పెట్టించాను. సాయంత్రం గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటాను. ఒక్కొక్కరూ వచ్చి సంచి తెరిచి, "చూసుకో అమ్మా" అనాలి. నేను చూసి తల ఊపితే బయటికి పోవాలి. ఆ కత్తెరలు తర్వాత పారేసిన ఆకుల కుప్పలోనే దొరికాయి. అయినా సోదా మాత్రం ఆపలేదు. దొరికినవి అవే కత్తెరలని నమ్మకమేంటి అని వాదించాను. నవ్వకండి, నిజంగానే అలా అన్నాను.

ఆ నలభై మందిలో ఒకామె ఉండేది. వాళ్ళది ఊత్తంగరై వైపు గొర్రెలు కాసుకునే కుటుంబం. వానలు లేక మంద అమ్ముకుని హోసూరు వచ్చారు. ఆమె అత్త బస్టాండు దగ్గర పూలమ్మేది. ఈమె మధ్యాహ్నం సద్ది గబగబా తినేసి, సంచిలోంచి అరటినార ఉండ తీసి, మిగిలిన పొద్దంతా మల్లెలు కట్టేది. నాకంటే పదేళ్ళు పెద్దది, అందుకని అక్కా అనేదాన్ని. అక్కా అన్నానని నమ్మానని కాదు. మిగతావాళ్ళంతా నేను వస్తుంటే మాటలు ఆపేసేవాళ్ళు. ఈమె ఆపేది కాదు. నన్ను చూసి జంకని మనిషి మీద నాకు మొదటి రోజు నుంచే కన్ను.

పైగా ఆమె చెయ్యి ఒక వింత చెయ్యి. కట్టలోంచి ఒక గులాబీ తీసి పక్కన పెట్టి, "ఇది రేపటికి ఆగదమ్మా" అనేది. చూడ్డానికి అది నిగనిగలాడుతూ ఉండేది. ఆమెను తప్పు పట్టాలని దాన్ని దాచి ఉంచేదాన్ని. మరుసటి రోజుకు అది మెడ వాల్చేసేది. 

"ఎట్లా తెలుసక్కా?" అంటే, "చేతికి తెలుస్తుందమ్మా" అనేది. 

చేతికి ఎలా తెలుస్తుంది? నేను డిగ్రీ చదివాను, నా చేతికి తెలియడం లేదే! ఏదో కిటుకు ఉంది, మనకు చెప్పడం లేదు అనుకునేదాన్ని.

అయినా అంత నికార్సైన చెయ్యి ఇంకొకటి లేదు కాబట్టి మందు కలిపే పని ఆమెకే ఇచ్చాను. కోసిన గులాబీలను ముందు కొన్ని గంటలు వెండి కలిసిన ఒక మందునీళ్ళలో నిలబెడతాం. పూలు తొందరగా వాడకుండా అది ఆపుతుంది. ముందు గదిలో బకెట్లలో ఆ నీళ్ళు తాగాక వాటిని కోల్డ్ రూమ్‌లోకి మారుస్తాం. మందు సీసాలు పక్కనే ఉన్న చిన్న గదిలో ఉంటాయి. షెడ్డు మొత్తంలో తాళం ఉన్న గది అదొక్కటే. తాళంచెవి నా నడుముకే ఉండేది. పొద్దున నేనే తలుపు తీసి మందు కొలిచి ఆమె చేతికిచ్చి, మళ్ళీ తాళం వేసేదాన్ని.

రెండువేలు దాటి నాలుగైదేళ్ళయిన ఒక వేసవిలో గొడవ మొదలైంది. మా పూలు కొనేవాళ్ళు ఈమెయిల్‌లో ఫోటోలు పంపారు. పెట్టె తెరిస్తే అడుగున ఆకులు రాలి ఉన్నాయి, మొగ్గలుగా పోయినవి పూర్తిగా విచ్చుకుని ఉన్నాయి, రెండు రోజులకే రేకులు జలజలా రాలిపోయాయట. మా మేనేజరు చిత్తూరు వైపు మనిషి. ఆ ఫోటోల ప్రింట్లు నా బల్ల మీద పడేశాడు.

"ఏమ్మా ఇది? పూలు పంపినామా, పొట్టు పంపినామా?"

నా గుండె జారిపోయింది. కానీ ఒక్క నిమిషమే. మరు నిమిషంలో నా బుర్ర తనకు అలవాటైన పని అందుకుంది. ఎవరు చేశారు? మందు కలిపేది ఎవరు? సగం పోసి సగం దాస్తోందా? ఎవరికైనా అమ్ముకుంటోందా? ఇంకో తోటవాళ్ళు చేయిస్తున్నారా? ఆ రోజు నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని ఆమెనే చూడసాగాను. ఆమె బకెట్లో నీళ్ళు తిప్పితే వెనకే నిలబడేదాన్ని. ఆమె తల తిప్పి, "ఏమమ్మా, ఏమన్నా కావల్నా?" అని అడిగేది. ఏమీ వద్దని అనేదాన్ని, అక్కడి నుంచి మాత్రం కదిలేదాన్ని కాదు.

ఆ ఫోటోలు రావడానికి పదిరోజుల ముందే మా నాయన మొదటి కోత కాయలు పంపాడు. మేనేజరు ఇంటికి, ఆఫీసువాళ్ళకు, నేనున్న ఇంటి ఓనరమ్మకు ఇవ్వాలి. అది మా పద్ధతి. నేనుండే గదిలో పెడితే ఓనరమ్మ పిల్లలు బతకనివ్వరు. షెడ్డులో బయట పెడితే నలభై మంది, ఎనభై చేతులు. మరి ఎక్కడ పెట్టాలి? తాళం ఉన్న గది ఉంది కదా! మందు గదిలో ఒక మూల గడ్డి పరిచి, తంగేడు ఆకు కప్పి, ఒక్క పురుగుకు కూడా చెప్పకుండా మాగేశాను. గడ్డి మీద కొమ్మ పెట్టి మొన తలుపు వైపు తిప్పాను. మా అవ్వ చూస్తే మురిసిపోయేది.

మొదటి దఫా పండ్లు పంచేశాక, మళ్ళీ రెండు గంపలు వస్తే అవీ అక్కడే పెట్టాను. అవి సగం మాగాయనుకుంటాను, ఒకరోజు పొద్దున ఆ అక్క మందు తీసుకోవడానికి వచ్చి, గొంతు తగ్గించి చెప్పింది.

"అమ్మా, ఒక మాట చెప్తాను, కోపం చేసుకోవద్దు. ఆ గదిలో మామిడిపండ్లు ఉండాయి కదా, వాటిని ఈడ నుంచి తీసేయమ్మా. పండ్ల గాలి పూలకి ఆగదు. మా అత్త అరటిపండ్ల బండి పక్కన బుట్ట దించనే దించదు."

మీరైతే ఏమనేవాళ్ళో నాకు తెలియదు. నాకు మాత్రం ఆమె మాటలో రెండో సగం చెవికే ఎక్కలేదు. ఆ గదిలో మామిడిపండ్లు ఉండాయి కదా! తాళం వేసిన గదిలో, గడ్డి కింద ఏముందో ఈమెకు ఎలా తెలిసింది? తలుపు తీసినప్పుడు ఆమెను గడప దాటనివ్వలేదే! ఏమీ అనకుండా లోపలికి పోయి గడ్డి కుప్ప దగ్గర నిలబడ్డాను. తంగేడు కొమ్మ మొన తలుపు వైపు లేదు. గోడ వైపు తిరిగి ఉంది.

ఒళ్ళంతా మంటలెత్తింది. ఇంకేం కావాలి? దొంగ తాళం చేయించుకుంది, లోపలికి వస్తోంది, మందులో ఏదో కలుపుతోంది. పైగా పండ్లు తీసేయమంటుంది! నేను ఆ గదిలోకి మాటిమాటికీ రావడం ఆమెకు అడ్డం, అందుకే తీసేయమంటోంది. అంతా గొలుసులాగా చక్కగా అతుక్కుపోయింది. సాయంత్రం దాకా ఓపిక పట్టాను. ఆ ఓపికను ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత.

సాయంత్రం గేటు దగ్గర అందరినీ నిలబెట్టి ఆమెను ముందుకు పిలిచాను. మేనేజరు కూడా వచ్చాడు. ఆమె ఎప్పటిలాగే సంచి తెరిచి, "చూసుకో అమ్మా" అంది. నేను చూడలేదు, బల్ల మీద బోర్లించాను. సద్ది డబ్బా, నార ఉండ, తమలపాకుల పొట్లం, అంతే. నార ఉండ దొర్లుకుంటూ పోయి కింద పడింది.

"తాళంచెవి యాడుంది?" అని అడిగాను. కోపం వస్తే నాకూ ఊరి మాటే వస్తుంది.

"ఏ తాళంచెవి అమ్మా?"

"గదిలో పండ్లుండేది నీకెట్ల తెలిసె మరి?"

"ముక్కుండాది కదమ్మా" అంది.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోజుకు పదిసార్లు ఆ తలుపు ముందు తిరిగేదాన్ని నేను. నాకు రాని వాసన నీకెలా వచ్చిందని అరిచాను. పూలు పాడు చేసింది ఈ చెయ్యే అని అందరి ముందు ఆమె చెయ్యి పట్టుకుని పైకెత్తి చూపించాను. వద్దు, ఆపు అని నాలో ఏ మూల నుంచీ ఒక్క మాటైనా రాలేదు. మేనేజరు రేపటి నుంచి రావద్దని ఆమెకు చెప్పేశాడు.

ఆమె ఏడవలేదు. వంగి నార ఉండ తీసుకుని, అంటుకున్న మట్టి దులిపి, సంచిలో వేసుకుంది. 

"అమ్మా, గొర్లు పోయినా పేరు పోగొట్టుకోలేదు మేము" అని మాత్రం అని గేటు దాటి పోయింది.

మిగిలిన ముప్పై తొమ్మిది మందీ సంచులు తెరిచి చూపించి పోయారు. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు. ఆమె పోయిన వారానికి పంపిన పెట్టెలూ అలాగే అయ్యాయి. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా! రాలేదు. పోతూ పోతూ ఎవరికో పురమాయించి పోయిందనుకుని, ఆమెతో చనువుగా ఉండే ఇద్దరిని కనిపెట్టడం మొదలుపెట్టాను. మేనేజరు ఇక లాభం లేదని బెంగళూరు నుంచి ఒక ప్రొఫెసరును పిలిపించాడు. రిటైరైన మనిషి, కోలారు వైపువాడు, చొక్కా జేబులో భూతద్దం. వచ్చీ రాగానే బకెట్ల నీళ్ళు, ఆ అక్క కలిపి పెట్టిపోయిన క్యానులోని మందు సీసాల్లోకి పట్టుకున్నాడు, తన పెట్టెలోని కాగితాలతో ఏవో పరీక్షలు చేశాడు.

"మందు కలిపినోళ్ళ చెయ్యి శానా మంచి చెయ్యి. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. ఎవురప్పా ఆ మనిషి?" అని అడిగాడు.

మేనేజరు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఆయన రాలిన ఆకుల తొడిమలు భూతద్దంలో చూస్తూ, ఇది ఇథిలీన్ అనే గ్యాస్ తగిలిన పూల లక్షణమని చెప్పాడు. జనరేటరు పొగ లోపలికి వస్తుందా, టెంపో ఇంజిన్ ఆపకుండా పెట్టెలు ఎక్కిస్తారా అని అడిగాడు. రెండూ లేవని తేలింది. 

"చుట్టుపక్కల పండ్లేమన్నా ఉండాయా?" అని నన్నడిగాడు. 

"లేవు సార్" అన్నాను. 

అప్పటికప్పుడు కావాలని ఆడిన అబద్ధం కాదది. మామిడికాయలు ఎక్కడున్నాయని బయటివాళ్ళు అడిగితే లేవని చెప్పడమే చిన్నప్పటి నుంచీ మాకు అలవాటు. నోరు దానంతటదే అనేసింది.

ఆయన రెండు గాజు సీసాలు తెప్పించాడు. రెండింటిలోనూ నీళ్ళు పోసి ఒక్కో గులాబీ నిలబెట్టి, ఒక దానిలో మాగిన అరటిపండు ముక్క దారానికి వేలాడదీసి, రెంటికీ మూతలు బిగించి, "రెండు దినాలు చూడు" అని నా బల్ల మీద పెట్టించాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని, బోటనీ చదివినదాన్నని తెలిసి ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు.

"రేకులో ఒక్కో కణంలో ఈ గ్యాసు కోసం కావలి ఉంటుందమ్మా. ఆ కావలి పని ఏమనుకుంటావు? గ్యాసు వస్తే అరిచేదని అనుకుంటావు కదా? కాదు. అది పొద్దస్తమానం అరస్తానే ఉంటుంది. వద్దు, వద్దు, ఇంకా వాడొద్దు అని. గ్యాసు వచ్చి దాని మీద కూర్చుంటే నోరు మూసుకుంటుంది. గమ్మునుండేదే కబురు."

నాకు వెంటనే అర్థమైంది. మా తోటలో మంచె ఎక్కి చిలకల మీద కేకలు పెట్టే మనిషి ఉంటాడు. అతను గొంతు పోయేలా అరుస్తున్నంతసేపూ ఒక్క చిలకా వాలదు. బీడీ ముట్టించుకోవడానికి రెండు నిమిషాలు ఆగాడంటే మంద మొత్తం దిగిపోతుంది. చిలకల్ని పిలిచినవాళ్ళు ఎవరూ ఉండరు, అతని కేక ఆగిందంతే.

"లోపల ఇంకో వింత ఉంది" అన్నాడు ఆయన. "వాడే పనికి హుకుం ఇచ్చే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని కణం చేస్తానే ఉంటుంది, చేసిందాన్ని చేసినట్టే చించి పారేస్తానే ఉంటుంది. కావలి కేక ఉన్నంతసేపు చించడమే. కేక ఆగితే చించడం ఆగుతుంది. అంతే, హుకుం లోపలికి పోయి అమలైపోతుంది. ఇదంతా మొన్నమొన్నే బయటపడిన సంగతి."

"చేసేదెందుకు, చించేదెందుకు సార్? అంత దండగ?"

"కొత్తగా చేయాలంటే పొద్దు పడుతుంది కదమ్మా. ముందే చేసి పెట్టుకుని తొక్కిపట్టి ఉంటే, వదిలిన చణంలో పని జరిగిపోతుంది."

మరి వెండి మందు ఏం చేస్తుందని అడిగాను. గ్యాసు మాట కావలి చెవిన పడకుండా చేస్తుందనీ, అందుకే కావలి వద్దు వద్దు అని అరుస్తూనే ఉంటుందనీ చెప్పాడు. కానీ గులాబీ ఆ నీళ్ళు పీల్చే లోపలే గ్యాసు తగిలితే మందు ఎంత బాగా కలిపినా లాభం లేదట. 

"మందు గది పక్కన, ఈ ముందు గదిలోనే తగల్తా ఉంది. యాడి నుంచి అనేదే తెలియల్ల" అంటూ తల గోక్కున్నాడు. 

గోడ అవతలి నా మామిడిపండ్లు గుర్తొచ్చాయి. లేవు సార్ అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి నోరు పెగల్లేదు. రెండో రోజు పొద్దున వచ్చి చూస్తే అరటిపండు లేని సీసాలో గులాబీ ఎలా పెట్టింది అలాగే ఉంది. రెండో సీసాలో ఆకులన్నీ నీళ్ళలో పడి ఉన్నాయి. నేను సీసా ఎత్తగానే రేకులు కూడా రాలాయి.

ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను సీసా వైపే చూస్తూ అడిగాను. 

"సార్, ఒక వాసన పుట్టినప్పటి నుంచీ పీలుస్తా ఉంటే ముక్కు దాన్ని మరిచిపోతుందా?"

"మరిచిపోదు. అదే కబురు మళ్ళీ మళ్ళీ వస్తే ముక్కులోని కణాలు వినేది తగ్గించుకుంటాయి. ఆ పైన మెదడు కూడా అలవాటు పడిపోతుంది. లేకపోతే కొత్త వాసన వచ్చినప్పుడు కనుక్కునేదెట్ల?" అన్నాడు. "ఎందుకమ్మా?"

ఏమీ లేదు సార్ అని, తాళం తీసి మందు గదిలోకి పోయాను. కొమ్మను మళ్ళీ తలుపు వైపు తిప్పి, అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. పక్క గదిలో ఎవరో ఫ్యాను వేశారు. గోడ మీద, కప్పు కింద, గాలి కోసం వదిలిన సందు ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని తలెత్తి చూడలేదు. ఫ్యాను తిరిగిన కొద్దీ ఈ గదిలో గాలి ఆ సందులోంచి అవతలికి లాగుతోంది. గడ్డి పరకలు కదిలాయి. ఎండిపోయి తేలికైన తంగేడు కొమ్మ వణికి, మొన మెల్లగా గోడ వైపు తిరిగింది. అవతల ఆ గోడ కిందనే గులాబీల బకెట్లు.

గడ్డి మీద కూలబడ్డాను. వాసన అప్పుడు కూడా నాకు రాలేదు. ఒక పండు చేతిలోకి తీసుకుని ముక్కుకు ఆనించుకుంటే తప్ప తెలియలేదు.

నేరుగా మేనేజరు దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. ఉద్యోగం పోయినా పోనీ అనుకునే చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని విని, పకపకా నవ్వాడు.

"ఆ సేందూరాలేనా? మా ఇంట్లో టెంక కూడా వదల్లేదమ్మా! సరేలే, తెలియక జరిగింది. ఇంకమీద ఈడ పెట్టొద్దు."

"ఆ అక్కను మళ్ళీ పిలిపించండి సార్."

"ఎవరు, ఆమా? పోయిందేదో పోయింది. ఇప్పుడు కెలికేదెందుకు?" అన్నాడు.

నా తప్పు ఒక నవ్వుతో పోయింది. ఆమె చేయని తప్పుకు ఆమె పనీ పోయింది, పేరూ పోయింది. తోట ఉన్న ఇంటి పిల్లను కాబట్టి నాకు నవ్వు, గొర్రెలమ్ముకుని వచ్చిన మనిషి కాబట్టి ఆమెకు గేటు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది నాకు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇల్లు వెతుక్కుంటూ పోయాను. బస్టాండు వెనక రేకుల ఇళ్ళ వరసలో ఉంది. ఉత్త చేతులతో ఎలా పోతానని, మాగిన పండ్లలో మంచివి ఏరి సంచిలో వేసుకున్నాను. చూశారా, ఇంత జరిగినా ఇంకా మా పద్ధతి నన్ను వదల్లేదు. ఆమె, ఆమె అత్త గడప లోపల కూర్చుని, మధ్యలో తడిగుడ్డ మీద మల్లెలు పోసుకుని కడుతున్నారు. నన్ను చూసి ఆమె లేవలేదు, పొమ్మనలేదు. నేను గడపలో కాలు పెట్టబోయాను.

"అమ్మా, ఆ సంచి బయట పెట్టి రా. లోపల పూలుండాయి" అంది.

సంచి బయట పెట్టాను. కూర్చుని, జరిగినదంతా చెప్పి, తప్పయిపోయింది అక్కా అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. ఆమె వేళ్ళు ఆగలేదు. నాలుగు మల్లెలు, ఒక ముడి, నాలుగు మల్లెలు, ఒక ముడి.

"నాకు ఆ పొద్దే తెలుసమ్మా. ఈడ నాకు చెప్పి ఏం లాభం? నలుగురి ముందర చెయ్యెత్తి చూపిస్తివి. ఆ నలుగురికీ చెప్తావా?"

"చెప్తాను."

"రేపు పొద్దుగూకే యాళకు గేటు కాడికి వస్తాను" అంది. 

ఆమె మళ్ళీ పనిలోకి వస్తానంటోందని నేను అర్థం చేసుకున్నాను. మరుసటి రోజు మేనేజరును బతిమాలి, గొడవపడి, ఒప్పించాను కూడా.

సోమవారం సాయంత్రం అందరూ గేటు దగ్గర వరసలో నిలబడ్డారు. ఆమె పూల బుట్ట గేటు బయట దించి, సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చి ఒక పక్కన నిలబడింది. నేను బల్ల దగ్గర లేచి నిలబడి అరిచినట్టుగా చెప్పాను.

"పండ్లు నావి. తాళం నాది. పూలు పాడు చేసింది నేను. అక్క చెయ్యి తప్పు చేయలేదు."

వరసలోంచి ఒక ముసలామె అంది. 

"ఆ వాసన మాకందరికీ వస్తానే ఉండె అమ్మా. నీకు చెప్పేదెవరు? చెప్పినామెకు అయ్యింది చూస్తిమి కదా."

నేను ఆ అక్క వైపు తిరిగి, రేపటి నుంచి రా అక్కా, మేనేజరు ఒప్పుకున్నాడు అన్నాను. 

"రాను అమ్మా. మాట అందరూ వినల్లని వచ్చినాను, విన్నారు" అంది. 

ఆమె గొంతులో కోపం లేదు. తిరిగి గేటు వైపు నడిచింది. నా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆగింది. అన్నాళ్ళ అలవాటో, కావాలనే చేసిందో ఈ రోజుకీ నాకు తెలియదు. భుజాన ఉన్న సంచి దించి, రెండు చేతులతో నోరు వెడల్పుగా తెరిచి నా ముందు పట్టుకుంది.

"చూసుకో అమ్మా."

వద్దక్కా అనాలి. కళ్ళు మూసుకోవాలి, పక్కకైనా తిప్పుకోవాలి. అబద్ధం ఎందుకు చెప్పాలి, అప్పుడు కూడా నా కళ్ళు సంచిలోకే పోయాయి.